మెర్జ్ అండ్ సెంటర్ గారూ, ఒక్క నిమిషం

ఎక్సెల్ హోమ్ ట్యాబ్‌లో కొలువుదీరి, గడులను ఒకటిగా కలిపేసి రాతను మధ్యకు తెచ్చే మెర్జ్ అండ్ సెంటర్ బటన్ గారికి,

నమస్కారం. మీ పుణ్యమా అని నిన్న రాత్రి ఎనిమిదిన్నర దాకా ఆఫీసులోనే ఉన్నాను, ఆ మంట చల్లారకముందే రాస్తున్నాను.

పని చిన్నదే. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో 13 జిల్లాలు 26 అయ్యాయి కదా, ఆ 26 జిల్లాల అమ్మకాలు నెలవారీగా పవర్ బీఐలో (డేటాను చార్టులుగా చూపే సాఫ్ట్‌వేర్ లెండి) చార్ట్ గీయాలి. షీట్ తెరిచాను. ఆహా, పెళ్లిపందిరి! పైన కంపెనీ పేరు ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకే గడిలో. దాని కింద ఏప్రిల్ నుంచి మార్చి దాకా నెలలు, ఒక్కో నెల రెండేసి గడుల మీద కాలు చాపుకుని, కింద లక్ష్యం, అమ్మకం. ఎడమ పక్కన శ్రీకాకుళం నుంచి అనకాపల్లి దాకా ఆరు జిల్లాలకు నిలువునా ఒకటే గడి, అందులో ఉత్తరాంధ్ర. ప్రింట్ తీసి సార్ టేబుల్ మీద పెడితే ముచ్చటగానే ఉంటుంది, కాదనను.

కానీ ఆ పేరు నిజంగా ఉండేది పై గడి ఒక్కదాంట్లోనే అని, మిగతావన్నీ ఖాళీ అని మీరు ఎవరికైనా చెప్పారా? (చెప్పారులెండి, కలిపే గడుల్లో ఒకటికి మించి నిండి ఉంటే ఒక హెచ్చరిక వస్తుంది, దాన్ని చదివిన మనిషిని నేనింతవరకు చూడలేదు.) మన కంటికి ఆరూ ఉత్తరాంధ్రే, పవర్ బీఐకి మాత్రం శ్రీకాకుళం ఒక్కటే. తక్కిన ఐదూ నల్, అంటే ఖాళీ, ఊరూ పేరూ లేని జిల్లాలు.

అది ఫిల్ డౌన్‌తో, అంటే పై గడిలోని పేరును కింది ఖాళీల్లో నింపే ఆదేశంతో, సరిపోయింది. అసలు గొడవ నెలలది. చార్ట్‌కి కావలసింది అడ్డంగా పరిచిన నెలలు కాదు, జిల్లా, నెల, లక్ష్యం, అమ్మకం అని నాలుగు నిలువు వరసలు, అంతే. దానికోసం పవర్ క్వెరీలో (పవర్ బీఐలో డేటాను సర్దే చోటు) షీట్ మొత్తాన్ని ట్రాన్స్‌పోజ్ చేసి, అంటే అడ్డాన్ని నిలువుగా తిప్పి, ఖాళీ నెలలను ఫిల్ డౌన్‌తో నింపి, నెలనూ లక్ష్యాన్నీ మెర్జ్ కాలమ్స్‌తో అతికించి (ముల్లును ముల్లుతోనే తీయాలన్నమాట), మళ్లీ ట్రాన్స్‌పోజ్ చేసి, మొదటి వరసను హెడింగ్ చేసి, అన్‌పివట్ కొట్టి (అడ్డంగా ఉన్న నెలలను కిందికి వరసలుగా దింపి), అతికించిన ముక్కనే మళ్లీ విడదీసి, లక్ష్యాన్నీ అమ్మకాన్నీ వేరు చేయాలి. ఇంతా చేసి చూస్తే నెలలు ఇంగ్లీషు అక్షరక్రమంలో నిలబడ్డాయి, ఏప్రిల్ పక్కన ఆగస్టు, ఆగస్టు పక్కన డిసెంబర్.

మీకో తోబుట్టువుంది, సెంటర్ అక్రాస్ సెలెక్షన్. గడులు కలపకుండానే హెడింగును అచ్చం మీలాగే మధ్యకు తెస్తుంది. అడ్డంగా మాత్రమే పనిచేస్తుంది, నిజమే, అయినా గడులు గడులుగానే మిగిలేవి. పాపం దాన్ని ఫార్మాట్ సెల్స్‌లో అలైన్‌మెంట్ కింద ఒక లిస్టులో దాచారు. మీరేమో వీధి గుమ్మంలోనే కూర్చున్నారు.

ఇక ఈ ఉదయం సంగతి. రాత్రి కళ్లు మూతలు పడుతుంటే షీట్ చివర ఉన్న 'మొత్తం' తీసేయడం మర్చిపోయాను. కుడిపక్క ఒక మొత్తం, అడుగున ఒక మొత్తం, మూల మీద మొత్తాలకి మొత్తం. అన్‌పివట్‌కి అవన్నీ ఒకటే, మొత్తం పదమూడో నెలగా, ఇరవై ఏడో జిల్లాగా చేరిపోయింది. అమ్మకాలు సరిగ్గా నాలుగింతలు. లక్ష్యం కూడా నాలుగింతలైంది కాబట్టి సాధించిన శాతం చెక్కుచెదరలేదు, ఎవరికీ అనుమానం రాలేదు, నాతో సహా. సార్ ప్రొజెక్టర్ వైపు చూసి నవ్వారు. ఈ కంపెనీలో చేరాక ఆయన నవ్వు చూడటం అదే మొదలు.

అప్పుడు నా కన్ను జిల్లాల లిస్టు అడుగున 'మొత్తం' మీద పడింది. "ఒక్క నిమిషం సార్, రిఫ్రెష్ అవుతోంది" అన్నాను. అయ్యింది. నవ్వు పోయింది.

మీటింగ్ అయ్యాక పిలిచి ఇలా అన్నారు: "చార్టులు సరేగానీ, ఇదే డేటా నాకు ఎక్సెల్‌లో పంపించమ్మా. నెలలు అడ్డంగా ఉండాలి. హెడింగ్ మధ్యలోకి రావాలి."

వస్తున్నాను, కాస్త జరగండి.

ఇట్లు,
మీ రిపోర్టుల మనిషి