రిపోర్ట్ నార్మల్ వచ్చిందంటే వాడిది ఒళ్ళు కొవ్వేనంట

చానా రోజులుగా కడుపులో పెట్టుకోని ఉండా, ఈరోజు రాసేస్తా. నేను తిరుపతిలో ఒక స్కానింగ్ సెంటర్లో ఎంఆర్ఐ టెక్నీషియన్ని. ఏ సెంటర్ అని అడగొద్దండి, పేషెంట్ల గుర్తులు కూడా మార్చే రాస్తా ఉండా. రిపోర్ట్ రాసేది రేడియాలజిస్ట్ సార్, నా పని పేషెంట్ని టేబుల్ మీద పడుకోబెట్టి తలకి కాయిల్ పెట్టి "కదలొద్దు నాయనా" అని చెప్పి అద్దానికి ఇవతల కూర్చోని ఇమేజ్‌లు తీసేది, అంతే.

మొన్న చిత్తూరు పక్క నుంచి ఒక పెద్దాయన కొడుకుని పిలుచుకోనొచ్చినాడు. మామిడి తోట ఉండాదంట. పిల్లోడికి బెంగళూరులో జాబ్, మంచి జీతమే, పార్టీల్లో మొదలయ్యి కొకైన్ దాకా పోయినాడు, ఇంట్లో తెలిసేసరికి జీతం పోయి లోన్ యాప్‌లు కూడా అయిపోయినాయి. 20 రోజులుగా ఊర్లోనే ఇంట్లో పెట్టి కాపలా కాస్తా ఉండారు. తలనొప్పి అంటా ఉంటే డాక్టర్ బ్రెయిన్ ఎంఆర్ఐ రాసినాడు, పెద్దాయన మాత్రం ఇంకేదో ఆశతో వచ్చినాడు. "అమ్మా, వీని తలకాయిలో ఆ మత్తు ఇంకా ఉండాదా పోయిందా, బాగా చూసి చెప్పు తల్లీ" అంటాడు. ఇందులో అది కనపడదు పెద్దాయనా అని చెప్పినా, వింటేనా.

సాయంత్రానికి రిపోర్ట్ వచ్చింది. నార్మల్. పెద్దాయన మొహం ముందు వెలిగింది, ఆ వెంటనే ఎర్రబడింది. "అంటే వీనికి రోగమూ లేదు గీగమూ లేదు, ఒళ్ళు కొవ్వెక్కి చేస్తా ఉండాడన్నమాట!" అని రిసెప్షన్ ముందర పదిమంది చూస్తా ఉండగా పిల్లోణ్ణి కడిగేసినాడు. నేను తీసిన ఫిల్మే ఆయన చేతిలో కట్టె అయింది. ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు.

దీనికి పూర్తిగా రివర్స్‌లో వాట్సాప్‌లో ఒక బొమ్మ తిరుగుతా ఉంటాది చూడండి, ఎడమ పక్క నున్నటి మెదడు, కుడి పక్క చెదలు తిన్న చెక్క మాదిరి బొక్కలు బొక్కలుగా మెదడు, కింద "డ్రగ్స్ వాడితే ఇంతే" అని రాసుంటాది. మా పెదనాయన గ్రూపులోనే మూడుసార్లు వచ్చింది. అట్లాంటివి ఎక్కువగా స్పెక్ట్ స్కాన్ బొమ్మలు, అంటే మెదడులో రక్తం ఎంత పారతా ఉందో చూపించే స్కాన్. రక్తం పారేది ఒక లెక్క కన్నా తక్కువ ఉన్నచోట కంప్యూటర్ దాన్ని గుంత మాదిరి గీస్తాది, అంతేగానీ అక్కడ కండ ఊడిపోయి బొక్క పడలేదు సామీ. బానిసైనోడు ఆ బొమ్మ చూస్తే ఏమనుకుంటాడు? నా పని అయిపోయిందిలే, ఇంక మానేసి మాత్రం ఏం లాభం అనుకుంటాడు.

అసలు సంగతేందంటే, మేము రోజూ తీసే ఎంఆర్ఐలో మెదడు ఆకారం పడతాది, గడ్డ ఉందా, రక్తం కారిందా, స్ట్రోక్ వచ్చిందా, అవి. "వద్దు" అనే శక్తి వీడికి ఎంత ఉందనేది అందులో పడదు. అది చూడాలంటే మనిషిని మిషన్లో పెట్టి, నిజంగా ఏదో ఒకటి ఆపుకోమని చెప్పి, ఆ టైంలో మెదడులో ఏ భాగం పని చేస్తాదో చూడాల. రీసెర్చ్ వాళ్ళు చేసేది అదే. 2003లో హ్యూ గరావన్ వాళ్ళ టీమ్ 13 మంది కొకైన్ వాడేవాళ్ళని, 14 మంది వాడనోళ్ళని ఎఫ్ఎంఆర్ఐలో (మెదడు పని చేసేటప్పుడు చూపించే ఎంఆర్ఐ) పడుకోబెట్టినారు. స్క్రీన్ మీద రెండు అక్షరాలు ఒకటి మార్చి ఒకటి వస్తా ఉంటాయి, వచ్చిన ప్రతిసారీ బటన్ నొక్కాల, అదే అక్షరం వెంటనే మళ్ళీ వస్తే మాత్రం నొక్కకూడదు. చిన్నపిల్లల ఆట మాదిరి ఉంటాది గానీ అలవాటు పడిన వేలిని ఆపడం ఎంత కష్టమో చేసి చూస్తేనే తెలిసేది. కొకైన్ వాడేవాళ్ళలో మెదడు ముందు పక్క లోపలగా ఉండే యాంటీరియర్ సింగ్యులేట్ అనే చోట పని తక్కువగా కనపడింది. సరిగ్గా ఆపుకున్నప్పుడూ తక్కువే, ఆపుకోలేక తప్పు నొక్కినప్పుడూ తక్కువే. ఆ రెండోది చూడండి ఒకసారి. మనం తప్పు చేస్తే లోపల ఒక గంట మోగాల కదా, ఆ పనిలో కూడా ఈ చోటుకి పెద్ద చెయ్యే ఉండాది. మనమేమో "సిగ్గు లేదా రా నీకు" అని అరుస్తా ఉంటాం, ఆ గంటే సన్నగా మోగుతా ఉంటే?

ఇంకొకటి నాకు బాగా పట్టుకున్నది రీటా గోల్డ్‌స్టీన్ వాళ్ళు 2007లో వేసిన పేపర్. డబ్బు ఆశ చూపించి మెదడు ఎట్ల స్పందిస్తాదో చూసినారు, దాంతోపాటే ఏ మొత్తానికి ఎంత విలువిస్తావు అని కూడా అడిగినారు. కొకైన్‌కి బానిసైనోళ్ళలో సగం మంది పైనే అన్ని మొత్తాలకీ ఒకటే విలువ ఇచ్చినారంట. 10 డాలర్లూ అంతే, 1000 డాలర్లూ అంతే! తోతాపురి కిలో మీద రూపాయి తగ్గితే రాత్రంతా నిద్ర పట్టని నాయన ఒక పక్క, పదికీ వెయ్యికీ తేడా తోచని కొడుకు ఇంకో పక్క, ఒకటే రిసెప్షన్ ముందర నిలబడి ఉండారు. అందరూ "వాడికి బ్రేకుల్లేవు" అంటారే, అది సగమే కరెక్ట్. ఘాట్ రోడ్డులో కిందకి దిగేటప్పుడు బ్రేకులు బాగుంటే చాలదు, మలుపు మలుపు మాదిరి కనపడాల కూడా.

పెద్దాయన ఇంకో మాట అన్నాడు, "వీళ్ళన్న కూడా నా కడుపునే పుట్టినాడు కదమ్మా, వాడికి లేని రోగం వీడికెట్ల వచ్చింది" అని. దీని మీద కూడా స్టడీ ఉండాది. కేంబ్రిడ్జిలో కారెన్ ఎర్షె వాళ్ళు 2012లో 50 జతల తోడబుట్టినోళ్ళని తీసుకున్నారు, జతలో ఒకరు కొకైన్ లాంటి వాటికి బానిస, ఇంకొకరు కాదు. చూస్తే ఆపుకునే టెస్ట్‌లో ఇద్దరూ బయటోళ్ళ కన్నా వెనకే, మెదడులో ముందు భాగానికీ లోపలి భాగానికీ మధ్య తీగలు ఇద్దరిలోనూ తేడాగానే ఉన్నాయి. అంటే కొంత బలహీనత డ్రగ్స్ ముట్టకముందే ఉండొచ్చు, అయినా ఒకడు పడలేదు. కాబట్టి "మెదడే అట్ల ఉంటే నేనేం చేసేది" అనేటోడికీ ఇందులో సాకు దొరకదు, "అన్న బాగున్నాడు కదా" అనే నాయనకీ దొరకదు.

20 రోజులు మానేసినా ఇంకా చిరాకు, ఇంకా నిద్ర లేదు, నాటకాలు అంటాడు ఆయన. నోరా వోల్కో వాళ్ళు 1993లో పెట్ స్కాన్‌తో చూసినప్పుడు, మానేసిన 3, 4 నెలలకి కూడా డోపమైన్‌ని (మెదడులో ఆశని, హుషారుని నడిపే రసాయనం) పట్టుకునే డీ2 రిసెప్టర్లు తక్కువగానే ఉన్నాయి. అవి ఎంత తక్కువుంటే మెదడు ముందు భాగం అంత మందంగా పనిచేస్తా ఉండాది. 20 రోజులు ఏం లెక్క సామీ! అట్లని అంతా అయిపోయిందనీ కాదు. అదే వోల్కో టీమ్ 2010లో కొకైన్ వాడే వీడియో చూపిస్తా, ఆశని అణుచుకోండి అని చెప్తే, ఆ బానిసలే మెదడులో ఆశ పుట్టే చోట్లని కొంత తగ్గించగలిగినారు. నెలల తరబడి మానేసినోళ్ళలో ఈ ముందు భాగాలు మళ్ళీ గట్టిగా పనిచేయడం చూసిన స్టడీలూ ఉండాయి.

ఇక్కడ నా ఉద్యోగం మీద నేనే రాయి వేసుకుంటా. ఇవన్నీ గుంపుల సగటు లెక్కలు. ఒక మనిషిని పడుకోబెట్టి "వీడు రేపు మళ్ళీ తీసుకుంటాడు, వీడు తీసుకోడు" అని చెప్పే స్కాన్ లేదు, ఉందని ఎవరన్నా డబ్బులు అడిగితే జేబు గట్టిగా పట్టుకోండి. రంగుల బొమ్మ అంటేనే జనానికి నమ్మకం ఎక్కువ. 2009లో ఒక అమెరికా టీమ్ చచ్చిపోయిన సాల్మన్ చేపని ఎఫ్ఎంఆర్ఐలో పెట్టి, దానికి మనుషుల ఫోటోలు చూపించి, లెక్కలు సరిచేయకపోతే దాని మెదడులో కూడా "పని" కనపడతాదని చూపించింది. చచ్చిన చేప!

ఇంగ మా చుట్టాల్లో ఒకాయన ఉండాడు, రాత్రి క్వార్టర్ లేనిదే ముద్ద దిగదు, ఆయన కూడా పోయి ఆ పిల్లోడికి సెల్ఫ్ కంట్రోల్ క్లాస్ పీకొచ్చినాడని తెలిసింది (చిత్తూరు చిన్నదే, ఎవరో ఒకరు చుట్టం అయితారు). 2019లో ఎయిమ్స్ వాళ్ళ సర్వేలో దేశంలో మందు తాగేవాళ్ళు 16 కోట్లు, కొకైన్ వాడేవాళ్ళు జనంలో 0.1 శాతమే. ఆ 16 కోట్లకి స్కాన్ ఎవరు రాస్తారంట?

పెద్దాయన అసలు భయం పోలీస్ కేసు. డ్రగ్స్ కేసులు పెట్టే ఎన్‌డీపీఎస్ చట్టంలో 64ఏ అని ఒక సెక్షన్ ఉండాది, కొద్దిపాటి సరుకుతో ఉన్న బానిస తనంతట తానే గవర్నమెంట్ గుర్తించిన చోట ట్రీట్‌మెంట్‌కి పోయి పూర్తి చేస్తే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఇస్తారు. మత్తు మాన్పించే దానికి ఉండే హెల్ప్‌లైన్, 14446 ఫ్రీ నంబర్ కూడా రాసిచ్చినా. చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఒకటి చెప్పడం మర్చిపోయినా. స్కాన్ అప్పుడు ఆ పిల్లోడు 25 నిమిషాలు, ఆ డబడబ సౌండ్‌లో, ఒక్క వెంట్రుక కూడా కదిలించలేదు. ఒక్క సీక్వెన్స్ కూడా రిపీట్ చేసే పని పడలేదు, మామూలుగా పెద్దపెద్దోళ్ళే మధ్యలో బజర్ నొక్కేస్తారు. ఆ టైంలో పెద్దాయన సిగరెట్‌కి మూడుసార్లు బయటికి పోయొచ్చినాడు.

రెండు రోజులకి ఆయనే మళ్ళీ వచ్చినాడు, రిపోర్ట్ ఇంకో కాపీ కావాలంట. ఎందుకు పెద్దాయనా అంటే, సంబంధాలు చూస్తా ఉండాం, నార్మల్ అని రాసుంది కదా, వాళ్ళకి చూపించడానికి అన్నాడు.