బడి ఆవరణలో బండను బతకనివ్వండి

విశాఖలో ఈమధ్య ముస్తాబైన చాలా స్కూళ్లలో గేటు దాటగానే కనిపించేది ఒకటే సరుకు: రంగురంగుల పేవర్ టైల్స్, ఇనుప బెంచీలు, ఓ మూల ప్లాస్టిక్ గడ్డి. ప్రారంభోత్సవం ఫొటోల్లో బాగానే ఉంటాయి. నాలుగు వర్షాకాలాలు పోనిచ్చి చూడండి. ఈ ఊరికి సరిపడేది రాయి.

ఉప్పుగాలి గురించి ఇక్కడివాళ్లకు చెప్పాలా? బాల్కనీ గ్రిల్లుకు రంగు వేయించి వేయించి విసిగిపోయిన ప్రతి ఇంటికీ తెలుసు. సిమెంటు బెంచీ నయం అనుకుంటారు గానీ, దాని లోపలా ఇనుప చువ్వలే. చువ్వ తుప్పు పడితే ఉబ్బుతుంది, పైనున్న సిమెంటు పెచ్చులుగా ఊడుతుంది. ఆ గరుకు అంచు సరిగ్గా పిల్లల మోకాలి ఎత్తులో ఉంటుంది. రెండు రాతి దిమ్మెల మీద గ్రానైట్ బండ పరిస్తే తుప్పు పట్టడానికి అందులో ఏముంది? రచ్చబండలు వేసుకున్న మన పల్లెలకు ఈ లెక్క ఎప్పుడో తెలుసు.

ఇక నీళ్లు. ఆరిలోవ లాంటి కొండవాలు ప్రాంతాల్లో వాన పడితే నీరు ఉరుకుతుంది. సందులేని సిమెంటు గోడ అడ్డం కడితే వెనక చేరిన నీరు గోడనే తోస్తుంది. సిమెంటు లేకుండా పేర్చిన పొట్టి రాతికట్టు మట్టిని ఆపి నీటిని వదిలేస్తుంది. నడకదారి బండల మధ్య ఇసుక నింపితే కొంత నీరైనా భూమిలోకి దిగుతుంది. తొట్లకొండ మీద బౌద్ధ భిక్షువులు రెండు వేల ఏళ్ల కిందటే రాతిని తొలిచి నీళ్లు నిల్వ చేసుకున్నారు. మనమేమో వాన నీటిని డ్రెయిన్‌లోకి తోసి, వేసవిలో ట్యాంకర్‌కు ఫోన్ చేస్తాం.

రాయి ఎండకు కాలుతుంది, వానకు జారుతుంది, క్వారీలు కొండల్ని తింటున్నాయి అంటారు. జారేది పాలిష్ పెట్టిన రాయి, గరుకుది అడగండి. ఎండకు కానుగ చెట్లు నాటండి. క్వారీల మాట నిజమే, అందుకే టెక్కలి వైపు గ్రానైట్ యూనిట్లలో మిగిలే ముక్కలు తెచ్చుకోమంటున్నాను.

టైల్స్ సంగతి అలా ఉంచండి. స్థలం చేతికి రాగానే ముందు జేసీబీని పిలుస్తారు చూడండి, అక్కడ నాకు ఒళ్లు మండుతుంది. మన తూర్పు కనుమల ఖోండలైట్ రాయిలో ఎర్రటి గార్నెట్ గింజలు కంటికే కనిపిస్తాయి. రూపాంతర శిల అని పిల్లలు పుస్తకంలో బట్టీ పడుతున్నది దీన్నే. ఆ బండను పగలగొట్టి, లారీకెత్తి, చదును చేసి, పైన సిమెంటు టైలు పరిచి ల్యాండ్‌స్కేపింగ్ పేరుతో బిల్లు పెడుతున్నాం. ఋషికొండను తవ్వితే రాష్ట్రమంతా గొడవైంది. బడి స్థలంలో బండ పోతే అడిగే దిక్కు లేదు.

ప్లాన్‌లో చెట్లతో పాటు బండలనూ గుర్తించాలి, ఏది కదిపినా కారణం రాయాలి అని టెండర్‌లో ఒక్క షరతు పెట్టడానికి నగరపాలక సంస్థ జీవీఎంసీకి గానీ విద్యాశాఖకు గానీ పైసా ఖర్చు లేదు.