సవరణ: కాటలీనా 30 కీల్ బరువు, ముందువైపు పగులు

కాటలీనా 30 తెరచాప పడవ మీద పెట్టిన పోస్టులో రెండు తప్పులు దొర్లాయి.

మొదటిది చిన్నది. కీల్ (పడవ ఒరిగిపోకుండా అడుగున ఉండే బరువైన రెక్క) బరువు 4,200 కిలోలని రాశాం, అవి పౌండ్లు. అంటే సుమారు 1,900 కిలోలు. పడవ మొత్తమే 10,200 పౌండ్లు, దాదాపు 4,630 కిలోలు. కిలోలే అయితే ఫైబర్‌గ్లాస్ పడవ ఒంటికీ, మాస్టుకీ (తెరచాప స్తంభానికీ) కలిపి మిగిలేది నాలుగొందల చిల్లర!

రెండోది ముఖ్యం. కీల్ పడవను కలిసేచోట, ముందువైపు నవ్వుతున్నట్టు కనిపించే పగులుకు పుట్టీ పెట్టి రంగేస్తే చాలన్నాం. చాలదు. ఆ సీసపు కీల్ పడవలో పోతపోసింది కాదు, బోల్టులతో బిగించింది. పాత పడవల్లో బోల్టుల కింది అడుగుభాగంలో ప్లైవుడ్ ఉంటుంది. బిల్జ్‌లో (పడవ లోపలి అట్టడుగు గుంటలో) చేరిన నీళ్లు దిగి అది మెత్తబడితే నట్ల కింద నలుగుతుంది, బిగువు తగ్గుతుంది, సందు తెరుచుకుంటుంది. పైన పుట్టీ ఎంత పెట్టినా మళ్లీ చిట్లుతుంది.

కాబట్టి ముందు బిల్జ్ ఆరబెట్టి నట్లు, వాషర్లు చూడండి. స్టెయిన్‌లెస్ కదా అని వదలొద్దు. గాలాడని తడిలో దాన్నీ తుప్పు తినేస్తుంది. పడవ స్లింగులో (క్రేను పట్టీల్లో) వేలాడుతుండగా సందులోని పాత సీలెంటు గీకి, చిక్కటి ఎపాక్సీ (గట్టిపడే జిగురు) కూరండి. తర్వాత కీల్ మీద బరువు పడేలా దించి, బోల్టు సైజుకు తయారీదారు చెప్పిన టార్క్‌తో (తిప్పే బలంతో) బిగించండి. ఎంత తిప్పినా నట్టు దిగిపోతూనే ఉంటే ఆపేయండి. లోపల ప్లైవుడ్ పోయినట్టే, దాన్ని తవ్వి ఫైబర్‌గ్లాస్ పొరలతో నింపాలి.