కెప్టెన్ బ్లై: నోటి దురుసు మాటున రమ్ వ్యాపారం

విలియం బ్లై అనగానే కొరడా పట్టుకున్న ఓడ కెప్టెన్ గుర్తొస్తాడు. బౌంటీ ఓడ తిరుగుబాటు మీద తీసిన హాలీవుడ్ సినిమాల పుణ్యమా అని ఆ బొమ్మ అలా పాతుకుపోయింది. ఓడ రికార్డులు మాత్రం ఇంకో మాట చెబుతాయి. ఆ కాలపు కెప్టెన్లు చాలామందితో పోలిస్తే బ్లై కొరడా దెబ్బలు వేయించింది తక్కువే. అదుపులో లేనిది ఆయన నోరు. తర్వాత సిడ్నీలో ఆయనపై జరిగిన తిరుగుబాటుకూ ఆ నోరే కారణమనే మాట ఉంది.

1787 చివర్లో బౌంటీ ఓడ ఇంగ్లండ్ నుంచి పసిఫిక్ దీవి తహితీకి బయల్దేరింది సీమపనస మొక్కల కోసం. కరీబియన్ చెరకు తోటల యజమానులకు బానిసలకు చవగ్గా పెట్టే తిండి కావాలి, అంతే. కెప్టెన్ వాడుకోవాల్సిన పెద్ద గది కూడా కుండీలకే పోయింది. తిరుగు దారిలో, 1789 ఏప్రిల్ 27న, తన కొబ్బరికాయలు తగ్గాయంటూ బ్లై అధికారులందరినీ దొంగలన్నాడు. వాళ్లలో ఒకడైన ఫ్లెచర్ క్రిస్టియన్‌నీ వదల్లేదు. మర్నాడు తెల్లారేలోపే క్రిస్టియన్, అతని మనుషులు బ్లైని నిద్రలేపి చేతులు కట్టేశారు.

23 అడుగుల పడవలో బ్లైతో కలిపి 19 మందిని వదిలేశారు. తోఫువా దీవిలో జరిగిన దాడిలో ఒకరు చనిపోయారు. అక్కడి నుంచి ఆగ్నేయాసియాలోని తిమోర్ దీవి దాకా నడిసముద్రమే. బ్లై రెండు కొబ్బరి చిప్పలతో త్రాసు కట్టాడు. తూకం రాయి ఒక పిస్టల్ గుండు, అంటే పౌనులో 25వ వంతు. పూటకు ఆ గుండు ఎత్తు రొట్టె, గుక్కెడు నీళ్లు. కెప్టెన్‌కీ అంతే, నావికుడికీ అంతే. 3,600 నాటికల్ మైళ్లకు పైగా సాగిన ఆ ప్రయాణంలో, తోఫువా తర్వాత తిమోర్ చేరేదాకా ఒక్క ప్రాణం కూడా పోలేదు.

ఇదే మనిషి 1806లో ఆస్ట్రేలియాలోని బ్రిటిష్ వలస న్యూ సౌత్ వేల్స్‌కు గవర్నర్ అయ్యాడు. అక్కడ చలామణీలో ఉన్నది డబ్బు కంటే సారా, ముఖ్యంగా రమ్. బెంగాల్ నుంచీ ఓడల్లో దిగేది. న్యూ సౌత్ వేల్స్ కోర్ అనే అక్కడి సైనిక దళం అధికారులు దాన్ని టోకున కొని, కూలీలకూ చిన్న రైతులకూ అడ్డగోలు రేటుకు అంటగట్టేవారు. 1807లో బ్లై సారా మారకాన్ని నిషేధించాడు. అంతకుముందు సిడ్నీ దగ్గరి హాక్స్‌బరీ నది వరదల్లో మునిగిన రైతులకు ప్రభుత్వ గిడ్డంగుల సరుకుతో సాయం చేశాడు. ఆ రైతుల్లో ఎక్కువమంది చివరిదాకా ఆయన పక్షాన నిలిచారు. కడుపు మండింది కోర్ మాజీ అధికారి, భూస్వామి జాన్ మెకార్థర్ లాంటి పెద్దలకు. 1808 జనవరి 26న (అవును, మన గణతంత్ర దినం తేదీయే) కోర్ అధిపతి మేజర్ జాన్‌స్టన్ సైన్యంతో, బ్యాండు మేళంతో వెళ్లి గవర్నర్‌ను అరెస్టు చేశాడు. మంచం కింద దాక్కున్న బ్లైని సైనికులు ఈడుస్తున్నట్టు ఒక బొమ్మ గీయించి జనానికి చూపించారు. నిజంగా అలా జరిగిందా అన్నది పక్కన పెడితే, పరువు తీయడానికి అదొక్కటి చాలింది.

అలాగని బ్లైని మహాత్ముణ్ని చేయక్కర్లేదు. రాగానే పాత గవర్నర్ కింగ్ చేతుల మీదుగా వెయ్యి ఎకరాలకు పైగా భూమి తీసుకున్నాడు. ఆ తర్వాత కింగ్ భార్యకు 790 ఎకరాలు ఇచ్చాడు. ఆమె ఆ ఎస్టేట్‌కు పెట్టుకున్న పేరు ‘థాంక్స్’! ఇద్దరు గవర్నర్లూ ఇలా పంచుకున్నది ఆదివాసుల నేల. రమ్ గొడవలో ఏ పక్షమూ ఆ ఊసెత్తలేదు.

సిడ్నీ తిరుగుబాటు నోటి దురుసు వల్లే వచ్చిందంటే నేను నమ్మను. లండన్ కూడా పూర్తిగా నమ్మినట్టు లేదు. కొత్త గవర్నర్ మెక్వారీకి ఇచ్చిన ఆదేశాల్లో బ్లైని ఒక్క రోజుకైనా తిరిగి కుర్చీలో కూర్చోబెట్టాలని ఉంది. మెక్వారీ చేరేసరికి బ్లై టాస్మానియాలోని హోబర్ట్ దగ్గర ఓడలో ఉండటంతో అదీ జరగలేదు. మెక్వారీ మాత్రం తన సొంత రెజిమెంట్‌తో దిగాడు. 1810లో పాత కోర్‌ను ఇంగ్లండ్‌కు వెనక్కి పంపారు. మరుసటి ఏడాది కోర్టు మార్షల్‌లో జాన్‌స్టన్ ఉద్యోగం ఊడింది. మెకార్థర్ 1817 దాకా సిడ్నీ గడప తొక్కలేకపోయాడు.