ముందు నీళ్ల కుళాయి సంగతి చూడండి

విశాఖ తీరానికి జనం రావాలంటే ఇంకా పెద్ద హోటళ్లు కట్టాలని ఒక వ్యాసంలో చదివాను. నేను ఒప్పుకోను. గదులు ఉన్నాయి, మనిషిని పట్టించుకునేవాళ్లే తక్కువ.

మొన్న సంక్రాంతి సెలవుల్లో అమ్మను తీసుకుని రుషికొండ వెళ్లాం. ముందే డబ్బు కట్టిన గది ఇంకా శుభ్రం చేయలేదని రెండు గంటలు లాబీలో కూర్చోబెట్టారు. అమ్మకు డెబ్బై రెండేళ్లు, మోకాళ్ల నొప్పులు. మంచినీళ్లు కావాలా అని ఒక్కరూ అడగలేదు. కౌంటర్‌లోని అబ్బాయి ఫోన్‌లోంచి తలెత్తకుండానే "వెయిట్ చేయండి" అన్నాడు. నాకు బాధనిపించింది ఆలస్యానికి కాదు, ఆ మాట తీరుకి.

సాయంత్రం ఆర్కే బీచ్‌లో ముంత మసాలా అమ్మే ఆవిడ, అమ్మ ఇసుకలో నిలబడలేకపోవడం చూసి తన స్టూలు ఇచ్చేసింది. కారం తగ్గించి కలిపి, నిమ్మకాయ ఇంకొంచెం పిండి, "తినమ్మా, నెమ్మదిగా" అంది. అమ్మ ఇప్పటికీ ఆవిడ గురించే చెబుతుంది.

రుషికొండ బీచ్‌కు 2020లో బ్లూ ఫ్లాగ్ వచ్చింది, అంటే మంచి బీచ్‌లకు ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు. దానికి నీటి నాణ్యత, శుభ్రత, భద్రతతో పాటు సౌకర్యాలూ చూస్తారు. మరి మేం వెళ్లిన రోజు కాళ్లు కడుక్కునే కుళాయిలో నీళ్లు లేవు. తడిబట్టలతో ఆడపిల్లలు వరుసలో నిలబడ్డారు. కొత్త హోటల్ కంటే ముందు ఆ కుళాయి బాగుచేయించండి, కౌంటర్‌లో కూర్చునేవాళ్లకు నెల రోజులు శిక్షణ ఇప్పించండి. అప్పుడు అమ్మను మళ్లీ తీసుకొస్తాను.