నిద్రపోయే ఫోనుతో ఆఫీసు పని

బెంగళూరులో నలుగురు తెలుగువాళ్లు చేరి, అది మార్తహళ్లి పీజీలో అయినా సరే, కొత్త ఫోను మాటెత్తితే ముందు కెమెరా, తర్వాత ర్యామ్. రోజంతా ఆ ఫోనులో తెరిచి చూసేవి మాత్రం ఆఫీసు మెయిలూ, క్యాలెండరూ.

నేనూ కెమెరా చూసే కొన్నాను. మార్చి రెండో ఆదివారం అమెరికాలో గడియారాలు గంట ముందుకు జరుపుతారు. దాంతో కాలిఫోర్నియా వాళ్లతో రాత్రి 9:30కు ఉండే మా కాల్ సోమవారం 8:30కే వచ్చింది. క్యాలెండరు టైము సరిగ్గానే మార్చుకుంది, రిమైండరే మోగలేదు. బ్యాటరీ మిగల్చాలని ఫోను ఆ యాప్‌ను నిద్రపుచ్చింది మరి! సిల్క్ బోర్డు దగ్గర బస్సులో స్క్రీన్ వెలిగించగానే నోటిఫికేషన్లన్నీ ఒక్కసారిగా వచ్చి పడ్డాయి. అప్పటికి కాల్ సగం అయిపోయింది.

కాబట్టి నా లెక్కలో మొదటి ప్రశ్న, మెయిల్ టైముకు మోగుతుందా అన్నదే. ఇలా నిద్రపుచ్చే ఆండ్రాయిడ్ ఫోన్లలో మెయిల్, క్యాలెండరు యాప్‌లకు బ్యాటరీ ఆంక్షలు తీసేయాలి, యాప్ దానంతటదే మొదలయ్యేలా ఆటోస్టార్ట్ ఆన్ చేయాలి. కొన్నరోజే చేయాల్సిన పని ఇది. ఐఫోన్‌కూ ఓ తిరకాసు ఉంది. దాని సొంత మెయిల్ యాప్‌లో ఎక్స్ఛేంజ్ (చాలా ఆఫీసులు వాడే మైక్రోసాఫ్ట్ మెయిల్) ఖాతాకు మెయిల్ వెంటనే వస్తుంది, జీమెయిల్‌కు రాదు. కొంతసేపటికోసారి వెళ్లి తెచ్చుకుంటుంది. జీమెయిల్ యాప్ పెట్టుకుంటే సరి.

రెండోది అప్‌డేట్లు. ఒకప్పుడు ఆఫీసు మెయిలంటే బ్లాక్‌బెర్రీయే. 2022 జనవరి 4న దాని పాత ఫోన్లకు సేవలు ఆపేశారు, చేతిలో ఫోను బాగానే ఉన్నా పనికి రాకుండా పోయింది. పిక్సెల్ 8, గెలాక్సీ ఎస్24 లాంటివాటికి 7 ఏళ్ల అప్‌డేట్ల హామీ ఉంది. చవక ఫోన్లలో ఆ లెక్క చాలా తక్కువ, పెట్టె మీద అంత పెద్దగా రాయరు కూడా.

సొంత ఫోనులో ఆఫీసు మెయిల్ పెట్టుకుంటే మన ఫొటోలు వాళ్లు చూస్తారేమోనని చాలామందికి టెన్షన్. 2014లో ఆండ్రాయిడ్ 5తో వచ్చిన వర్క్ ప్రొఫైల్ ఆఫీసు యాప్‌లను వేరే గదిలో పెట్టినట్టు ఉంచుతుంది. ఉద్యోగం మానేస్తే కంపెనీ ఆ గదినే ఖాళీ చేయిస్తుంది, మన ఫొటోల జోలికి రాదు. అలా కాక మొత్తం ఫోనునే చెరిపే అనుమతి అడుగుతుంటే, ఓకే నొక్కే ముందు ఐటీ వాళ్లతో మాట్లాడాలి.

ఈ ప్రొఫైల్‌ను ఒక్క స్విచ్‌తో ఆపేయొచ్చు. రాత్రి కాల్ అవగానే నేను చేసే మొదటి పని అదే. మార్చిలో మాత్రం ఇప్పటికీ 8:15కు మామూలు అలారం ఒకటి పెట్టుకుంటాను.