హెర్నియా ఆపరేషన్ అయినవారిని మంచానికి కట్టివేయకండి

పొట్ట గోడ బలహీనపడిన చోట పేగు వంటివి బయటకు ఉబ్బడాన్ని హెర్నియా అంటారు. దానికి ఆపరేషన్ చేయించుకున్నవారికీ, వారి ఇంట్లోవారికీ ఫోన్లలో తరచుగా చేరుతున్న సందేశం ఒకటి ఉంది. దాని సారాంశం ఇది: ఆపరేషన్ తర్వాత మూడు నెలలు మంచం మీదే ఉండాలి, జీవితాంతం ఐదు కిలోలకు మించిన బరువు ఎత్తకూడదు, గట్టిగా దగ్గినా తుమ్మినా లోపల అమర్చిన మెష్ (బలహీనమైన చోటును కప్పే వల) ఊడిపోతుంది, నొప్పి మాత్రలు వేసుకుంటే గాయం మానదు, గజ్జల్లో వాపు కనిపించిందంటే హెర్నియా తిరగబెట్టినట్టే, నడుముకు కట్టిన బెల్టు ఎప్పటికీ తీయకూడదు, లాపరోస్కోపీ (చిన్న రంధ్రాల గుండా కెమెరా సాయంతో చేసే) పద్ధతిలో చేయించుకున్నవారికి మాత్రం ఈ నియమాలేవీ అక్కరలేదు, వారు మర్నాటి నుంచే ఏ పనైనా చేసుకోవచ్చు. పంపేవారి ఉద్దేశం మంచిదే కావచ్చు. కానీ ఇందులో చాలా మాటలు రోగిని అకారణంగా భయపెడతాయి, చివరి మాట నిర్లక్ష్యాన్ని నేర్పుతుంది, నిజంగా తెలుసుకోవలసిన ప్రమాద సూచనల గురించి మాత్రం ఒక్క ముక్కా లేదు.

నేనిక్కడ చెప్పేది ముఖ్యంగా పెద్దవారికి గజ్జల్లో వచ్చే హెర్నియాకు, ముందుగా తేదీ నిర్ణయించుకొని, చిక్కులేవీ లేకుండా జరిగిన ఆపరేషన్ గురించి. ప్రపంచమంతటా ఏటా 2 కోట్లకు పైగా జరిగే శస్త్రచికిత్స ఇది. పేగు ఇరుక్కుపోయి అత్యవసరంగా చేసినవి, పేగులో కొంత భాగాన్ని తొలగించవలసి వచ్చినవి, పాత కోత దగ్గర పుట్టిన పెద్ద హెర్నియాకు చేసినవి వేరే కోవకు చెందుతాయి. ఆ తేడాను సందేశం ఎక్కడా పాటించలేదన్నది నా మొదటి అభ్యంతరం.

మూడు నెలలు మంచం మీదే ఉండాలన్న మాటకు చరిత్రలో ఒక మూలం ఉంది. 1880లలో ఇటలీ వైద్యుడు ఎడ్వార్డో బస్సీని ఆధునిక హెర్నియా శస్త్రచికిత్సకు పునాది వేసినప్పుడు, బలహీనపడిన కండరాల అంచులను దగ్గరకు లాగి కుట్టేవారు. అలా లాగి కుట్టిన చోట బిగువు ఎక్కువగా ఉండేది కనుక, కుట్లు తెగకుండా ఉండాలని రోగిని వారాల తరబడి పడుకోబెట్టేవారు. ఆ పద్ధతి శాశ్వతమేమీ కాలేదు. 1945లో టొరంటోలో ఎడ్వర్డ్ ఎర్ల్ షోల్డైస్ హెర్నియా కోసమే ఒక ఆసుపత్రిని స్థాపించి, మెష్ లేకుండా కుట్లతోనే బాగుచేస్తూ కూడా, రోగులను వెంటనే లేపి నడిపించారు. 1980లలో అమెరికా వైద్యుడు ఇర్వింగ్ లిక్టెన్‌స్టైన్, కండరాలను లాగకుండా వాటి మధ్య ఖాళీ మీద పాలీప్రొపిలీన్ మెష్‌ను పరచి కుట్టే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చిన తరువాత, బిగువు అన్న సమస్యే చాలావరకు తొలగిపోయింది. చికిత్స మారి దశాబ్దాలు గడిచినా, దానికి జతగా పుట్టిన జాగ్రత్త మాత్రం ఇళ్ళలో అలాగే మిగిలిపోయింది.

ఈ విషయంలో ఆధారాలకు కొదవ లేదు. 2004లో వెలువడిన డెన్మార్క్ పరిశోధనలో వెయ్యికి పైగా రోగులకు ఆపరేషన్ తర్వాత ఒక్కరోజు విశ్రాంతి చాలునని, ఆపైన తమ పనులు తాము చేసుకోవచ్చునని సలహా ఇచ్చారు. దానివల్ల హెర్నియా తిరిగి రావడం పెరగలేదు. వివిధ దేశాల నిపుణులు కలిసి 2018లో ప్రచురించిన హెర్నియాసర్జ్ మార్గదర్శకాలు కూడా, చిక్కులు లేని గజ్జల హెర్నియా ఆపరేషన్ తర్వాత శారీరక శ్రమపై ఆంక్షలు అనవసరమనీ, వీలైనంత త్వరగా మామూలు పనుల్లోకి దిగమని రోగిని ప్రోత్సహించాలనీ చెబుతున్నాయి. మరోవైపు, మంచం పట్టి ఉండడం వల్ల కలిగే హాని చిన్నది కాదు. కాళ్ళ సిరల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది, ఊపిరితిత్తుల అడుగున కఫం చేరుతుంది, మలబద్ధకం ముదురుతుంది, వయసు పైబడినవారిలో కొద్ది వారాల్లోనే కండబలం తగ్గి, ఆపరేషన్‌కు ముందు తమంతట తాము నడిచినవారు తర్వాత మరొకరి చేయి పట్టుకోవలసి వస్తుంది. ప్రేమతోనే అయినా, "కదలకు" అని పదేపదే చెప్పే ఇంటివారు ఇది గమనించాలని మనస్ఫూర్తిగా కోరుతున్నాను.

అంటే నొప్పిని పట్టించుకోకుండా తిరగమని కాదు. ఆపరేషన్ రోజు సాయంత్రమే లేచి గదిలో నడవడం, మర్నాటి నుంచి ఇంట్లో తిరగడం, ఆ తర్వాత రోజురోజుకూ దూరం పెంచుకుంటూ పోవడం చాలామందికి సాధ్యమే. కూర్చుని చేసే ఉద్యోగాలకు ఒకటి రెండు వారాల్లో తిరిగి వెళ్ళగలుగుతారు. మొదటి మూడు నాలుగు రోజులు ఎక్కువ నొప్పిగా ఉండి, మధ్యాహ్నానికే నీరసం కమ్ముకోవడం సహజం. అలాంటప్పుడు కాసేపు పడుకోవడంలో తప్పేమీ లేదు. చేస్తున్న పని వల్ల నొప్పి స్పష్టంగా పెరిగితే ఆ పూటకు ఆపి, మర్నాడు కాస్త తక్కువగా మళ్ళీ ప్రయత్నించడం సరైన పద్ధతి.

ఇక ఐదు కిలోల సంగతి. సందేశంలో అన్నిటికన్నా ఎక్కువగా జనంలో పాతుకుపోయింది ఇదే కనుక కొంత వివరంగా చెప్పాలి. బరువు ఎత్తితే కడుపులో ఒత్తిడి పెరిగి, ఆ ఒత్తిడికి మెష్ కదిలిపోతుందన్నది ఇందులోని తర్కం. 2005లో వెలువడిన ఒక పరిశీలనలో 20 మంది ఆరోగ్యవంతులైన యువతీయువకుల్లో కడుపులోని ఒత్తిడిని నేరుగా కొలిచారు. ఊరికే నిలబడినప్పుడు అది సగటున 20 మిల్లీమీటర్ల పాదరస పీడనం దగ్గర ఉంది. నిలబడి దగ్గినప్పుడు 100 దాటింది, ఉన్నచోటే గెంతినప్పుడు అంతకన్నా ఎక్కువైంది. పది పౌన్ల బరువు, అంటే సుమారు నాలుగున్నర కిలోలు, ఎత్తినప్పుడు మాత్రం ఒత్తిడి అంతగా పెరగలేదు. ఆపరేషన్ బల్ల మీద నుంచి దిగిన మొదటి రోజే రోగి ఎన్నోసార్లు దగ్గుతాడు, తుమ్ముతాడు, పక్క మీద నుంచి లేస్తాడు. ఆ ఒత్తిడిని తట్టుకున్న మరమ్మతు, కొద్ది కిలోల సంచిని తట్టుకోలేదనడానికి ఆధారం లేదు.

మెష్ అమరిక తెలిస్తే ఈ భయం ఇంకా తగ్గుతుంది. లాపరోస్కోపీలో మెష్‌ను కండరాల వెనుక, పొట్ట లోపలి పొరకు ముందు పరుస్తారు; కాబట్టి లోపలి ఒత్తిడి పెరిగినప్పుడు అది మెష్‌ను గోడకే అదిమి పట్టి ఉంచుతుంది. ముందు నుంచి కోసి చేసే పద్ధతిలో దానిని కుట్లతో బిగిస్తారు. రెండింటిలోనూ మొదటి రోజుల నుంచే మెష్ రంధ్రాల గుండా శరీర కణజాలం అల్లుకోవడం మొదలై, వారాలు గడిచేకొద్దీ అది గోడలో భాగమవుతుంది. కొందరిలో హెర్నియా తిరిగి వస్తుందన్నది నిజం. అయితే తొలి నెలల్లోనే వస్తే సాధారణంగా దానికి కారణం మెష్ పరిమాణం చాలకపోవడమో, అంచుల వద్ద తగినంత పరచకపోవడమో, పక్కనే ఉన్న రెండో రంధ్రాన్ని గుర్తించకపోవడమో అయి ఉంటుంది. ఆపైన వచ్చేవాటికి ధూమపానం, స్థూలకాయం, పుట్టుకతోనే బలహీనమైన కణజాలం వంటివి తోడవుతాయి. హెర్నియా తిరగబెట్టిన మనిషిని "నువ్వు ఫలానా రోజు బిందె ఎత్తావు, అందుకే వచ్చింది" అని నిందించడం చాలా సందర్భాల్లో అన్యాయం.

అలాగని మొదటి వారంలోనే బస్తాలు మోయమని ఎవరూ చెప్పరు. బరువైన శారీరక శ్రమ చేసేవారికి చాలామంది వైద్యులు మూడు నుంచి ఆరు వారాల వ్యవధి ఇస్తారు. నా దృష్టిలో అది సబబే, ఎందుకంటే గాయం నొప్పిగా ఉన్నప్పుడు మనిషి వంకరగా వంగి, నడుముకు వేరే దెబ్బ తెచ్చుకుంటాడు. పొట్ట మధ్యలో, పాత కోత దగ్గర వచ్చిన పెద్ద హెర్నియాను బాగుచేసినప్పుడు పొట్ట గోడనే తిరిగి నిర్మించవలసి వస్తుంది. అక్కడ నాలుగు నుంచి ఆరు వారాలు, కొన్నిసార్లు అంతకు మించి బరువులకు దూరంగా ఉండమంటే ఆ మాట తప్పక వినాలి. ఏది ఎవరికి వర్తిస్తుందో చెప్పగలిగేది ఆపరేషన్ చేసిన వైద్యుడే. కానీ గడువు వేరు, జీవితాంతపు నిషేధం వేరు. కూలి పని మీద బతికే మనిషికి జీవితాంతం ఐదు కిలోలు దాటవద్దని చెప్పడమంటే, బతుకుతెరువు వదులుకోమని చెప్పడమే. ఆధారం లేకుండా అంత మాట అనకూడదు.

దగ్గు, తుమ్ము గురించి పైన చెప్పినదే చాలును. వాటిని బలవంతంగా ఆపుకోవడం మంచిది కాదు. దగ్గు వచ్చేటప్పుడు అరచేతినో చిన్న దిండునో గాయం మీద అదిమి పట్టుకుంటే నొప్పి తగ్గుతుంది. పొగ తాగేవారు ఆపరేషన్‌కు కొన్ని వారాల ముందే మానగలిగితే దగ్గూ తగ్గుతుంది, గాయానికి చీము పట్టే అవకాశమూ తగ్గుతుంది. సందేశం రాసినవారు తుమ్ముకు భయపడమన్నారే గాని, ముక్కి ముక్కి మలవిసర్జన చేయవద్దని చెప్పలేదు. తగినంత నీరు, పీచు ఉన్న ఆహారం, అవసరమైతే వైద్యుడు రాసిచ్చిన విరేచనం మందు మొదటి వారంలో ఎంతో మేలు చేస్తాయి.

నొప్పి మాత్రలు గాయాన్ని మాననివ్వవన్న మాట వల్ల చాలామంది అనవసరంగా బాధపడుతున్నారు. మొదటి కొద్ది రోజులు పారాసిటమాల్‌నూ, సరిపడేవారికి ఐబుప్రోఫెన్ వంటి మందునూ వైద్యుడు చెప్పిన మోతాదులో, వేళ తప్పకుండా వేసుకోవడం ఇప్పుడు సర్వసాధారణమైన పద్ధతి. నొప్పి అదుపులో ఉన్న మనిషి నడుస్తాడు, లోతుగా ఊపిరి తీసుకుంటాడు, నిద్రపోతాడు. కోలుకోవడమంటే అదే కదా. మూత్రపిండాల జబ్బు, కడుపులో పుండు ఉన్నవారు, రక్తం పలచబరిచే మందులు వాడుతున్నవారు ఐబుప్రోఫెన్‌ను అడగకుండా వేసుకోరాదు. నల్లమందు జాతికి చెందిన బలమైన మాత్రలు మలబద్ధకాన్నీ మగతనూ కలిగిస్తాయి కనుక వాటిని తప్పనిసరైతేనే, కొద్ది రోజులే వాడాలి. వాటిని వాడుతున్నంత కాలం వాహనం నడపకూడదు.

గజ్జల్లో వాపంతా హెర్నియా తిరగబెట్టడమేనన్న భయం మనుషులను అర్ధరాత్రి ఆసుపత్రులకు పరుగులు తీయిస్తోంది. నిజానికి ఆపరేషన్ తర్వాత ఆ ప్రాంతం కమిలి నల్లబడడం, ఆ రంగు వృషణాల సంచిలోకీ పురుషాంగం మీదకూ దిగడం మామూలే; చూడడానికి భయంగా ఉన్నా ఒకటి రెండు వారాల్లో పసుపు రంగుకు మారి పోతుంది. కోత కింద చేతికి గట్టిగా తగిలే గడ్డ వంటిది గాయం మానే క్రమంలో ఏర్పడేదే, అది మెత్తబడడానికి కొన్ని నెలలు పట్టవచ్చు. పాత హెర్నియా ఉన్నచోటే నీరు చేరి, అచ్చం మునుపటిలాగే ఉబ్బుగా కనిపించడం మరొకటి. పెద్ద హెర్నియా ఉన్నవారిలో ఇది ఎక్కువ. చాలావరకు కొన్ని వారాల్లో దానంతట అదే ఇంకిపోతుంది. అనవసరంగా సూది గుచ్చి నీరు తీస్తే లోపలికి క్రిములు చేరే ప్రమాదం ఉంది. దగ్గినప్పుడు ఉబ్బి, పడుకుంటే లోపలికి పోయే వాపును మాత్రం వైద్యుడికి తప్పక చూపించాలి.

బెల్టు గురించి క్లుప్తంగా: గజ్జల హెర్నియా బాగుచేసిన తర్వాత బెల్టు కట్టుకుంటే హెర్నియా తిరిగి రాదనడానికి రుజువు లేదు. పొట్ట మీది పెద్ద ఆపరేషన్ తర్వాత కొన్ని వారాలు కట్టుకుంటే హాయిగా ఉంటుందంటే కట్టుకోవచ్చు. స్నానానికి సాధారణంగా 48 గంటలు ఆగితే చాలు. తొట్టెలో, కొలనులో మునగడం మాత్రం గాయం పూర్తిగా మూసుకునేదాకా వద్దు. మెట్లు మొదటి రోజు నుంచే నెమ్మదిగా ఎక్కవచ్చు. వాహనం నడపాలంటే, ఉన్నట్టుండి బ్రేకు మీద బలంగా కాలు వేయగలగాలి. చాలామందికి దానికి వారం పడుతుంది. దాంపత్య జీవితానికి నొప్పి లేకపోవడం ఒక్కటే షరతు. ఈ చివరి సంగతి అడగడానికి రోగి సిగ్గుపడతాడు, చెప్పడం వైద్యుడు మరచిపోతాడు.

లాపరోస్కోపీకి ఏ జాగ్రత్తా అక్కరలేదన్నది కూడా తప్పే. బయట కోతలు చిన్నవైనా లోపల జరిగిన పని చిన్నది కాదు. నొప్పి తక్కువగా ఉండి, కొద్ది రోజులు ముందుగా పనుల్లోకి వెళ్ళగలుగుతారన్నది వాస్తవం. కానీ ఈ పద్ధతిలో సాధారణంగా పూర్తి మత్తు ఇస్తారు. కనుక కనీసం 24 గంటలు వాహనం నడపకూడదు, ముఖ్యమైన కాగితాల మీద సంతకాలు చేయకూడదు, ఇంట్లో ఒంటరిగా ఉండకూడదు.

సందేశంలో అసలే లేనివి ఇవి. ఆపరేషన్ అయిన రోజున ఆరేడు గంటలు గడిచినా మూత్రం రాకపోతే, ముఖ్యంగా వయసు పైబడిన పురుషుల్లో, వెంటనే చెప్పాలి. 38 డిగ్రీల సెల్సియస్ దాటిన జ్వరం, కోత చుట్టూ వ్యాపిస్తున్న ఎరుపు, చీము, మందులు వేసుకుంటున్నా రోజురోజుకూ పెరిగే నొప్పి, వృషణంలో తీవ్రమైన నొప్పితో కూడిన వాపు ఉంటే అదే రోజు వైద్యుడిని కలవాలి. వాంతులతో పొట్ట ఉబ్బినా, గజ్జల్లో గట్టిపడి లోపలికి పోని నొప్పి గడ్డ లేచినా, ఒక కాలి పిక్క వాచి నొప్పి పెట్టినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా క్షణం ఆలస్యం చేయకుండా అత్యవసర విభాగానికి వెళ్ళాలి. మూడు నెలలు దాటినా మంట, తిమ్మిరి, పొడిచినట్టు నొప్పి తగ్గకపోతే ఓర్చుకుని కూర్చోనవసరం లేదు. సుమారు పదిమందిలో ఒకరికి ఇలా ఇబ్బంది పెట్టే నొప్పి మిగులుతుంది; నరాలకు సంబంధించిన ఆ నొప్పికి మందులూ సూదిమందులూ ఉన్నాయి, అరుదుగా మరో శస్త్రచికిత్స కూడా ఉంది, కనుక ఆపరేషన్ చేసిన వైద్యుడి దగ్గరకే తిరిగి వెళ్ళి అడగాలి.